ఫుల్‌స్టాప్ దగ్గర రెప్ప

ప్రియమైన వదినా,

నీ కుర్చీలో ఇప్పుడు చార్జర్ల పెట్టె కూర్చుంది. దానికి కుషన్ కూడా వేశారు. నువ్వు అడిగినన్నాళ్ళూ వేయలేదు.

నువ్వు మూలప్రతి పైకి చదవడం, నేను ప్రూఫు దిద్దడం. ఇన్నేళ్ళు అలాగే పుస్తకాలు అచ్చేసిన మన సంస్థకి ఉన్నట్టుండి చదివే మనుషులు దండగనిపించారు. టాబ్లెట్లు కొని మీ ముగ్గురినీ పంపేశారు. ఇప్పుడు తెర మీద ఎడమవైపు మూలప్రతి, కుడివైపు ప్రూఫు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా నా కళ్ళు ఆ రెండింటి మధ్య తిరగలిలా తిరుగుతున్నాయి. మధ్యాహ్నానికి కారం కొట్టినట్టు మంట. మెరిసే గాజులో ముందు ట్యూబులైటు కనిపిస్తుంది, తర్వాత నా మొహం, వాటి అడుగునెక్కడో అక్షరాలు.

"తెర పసుపు చేసుకోండమ్మా, వెలుతురు తగ్గించుకోండి" అన్నాడు మేనేజరు. చేశాం. పసుపు మీదా కళ్ళు మండాయి. కంపెనీ ఒక కంటి డాక్టర్ని తెచ్చింది. "రెప్ప వేయడం మర్చిపోతున్నారు. మధ్యమధ్యలో దూరంగా చూస్తుండండి" అన్నాడాయన. నిజమే చెప్పాడు. గంటకిన్ని పేజీలని లెక్కగట్టే చోట దూరంగా చూసే టైము ఎవరి జీతంలోంచి వస్తుందండీ అని అడిగితే, ఆయనే దూరంగా చూశాడు.

ఊరుకుంటానా? వెనక దీపం లేని ఈ-రీడర్లు కావాలని పట్టుబట్టాను. గది వెలుతురులోనే కాగితంలా కనిపిస్తాయే, అవి. ఒప్పుకున్నారు. ఒకటి ముందే నా చేతికిచ్చారు. వచ్చే వారం శుక్రవారం మిగతా ఇద్దరు ప్రూఫ్ రీడర్లకీ ఇస్తారట. బదులుగా, కళ్ళ గురించి ఇక ఫిర్యాదు లేదని ముగ్గురం సంతకం పెట్టాలి.

ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. దాని మీదా నా కళ్ళు మండుతున్నాయి. కిటికీ పక్కన పరవాలేదు. గోడవైపు వెలుతురు చాలదు. పేజీ తిప్పితే పాత పేజీ నీడ ఇంకా మిగిలే ఉంటుంది. కానీ గొంతు చించుకుని అడిగింది నేనే. ఇప్పుడు ఇదీ వద్దంటే నన్ను చూసి నవ్వరూ? సంతకం పెట్టేద్దామనుకుంటున్నాను.

ఇట్లు,
కళ్ళు మండుతున్న నీ వదిన


వదినా,

నేను చెప్పుల షాపులో చేరాను. పై అంతస్తునుంచి కింది గోడౌనుకి సైజులు అరవడం నా ఉద్యోగం. గొంతు వృథా పోలేదులే, దిగులుపడకు.

నీ ఉత్తరం నిండా గాజే ఉంది. మెరిసే గాజు, మెరవని గాజు, పసుపు గాజు. నా గురించి కుర్చీ దాకా వచ్చి ఆగిపోయావు. అంత పోరాటం చేసి చివరికి మంచి పలక అడిగి తెచ్చుకున్నావా, తల్లీ?

నీ ఎదురుగా కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు, నీకు తెలీదు. నేను "ఫుల్‌స్టాప్" అని చుక్కని కూడా పైకి చదివినప్పుడల్లా నువ్వు రెప్ప వేసేదానివి. పేరా అయ్యి నేను నీళ్ళు తాగితే కిటికీలోంచి బయటికి చూసేదానివి. నీ చూపు ఒక్క కాగితం మీదే ఉండేది, రెండో కాగితం నా నోట్లో ఉండేది. ఆ డాక్టరు చెప్పిన వైద్యమంతా నేను జీతానికి చేశాను. నన్ను తీసేసి ఆ పని కూడా నీ కళ్ళ మీదే వేశారు. నువ్వేమో గాజుతో తగువు పెట్టుకున్నావు.

పెడితే పెట్టు సంతకం. నేను మాత్రం నవ్వుతాను.

చెప్పుల వదిన


వదినా,

నీ ఉత్తరానికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత పరీక్ష చేశాను. పక్క బల్ల అమ్మాయిని మూలప్రతి పైకి చదవమని, ఈ-రీడర్ మీద ప్రూఫు ఒక్కటే పెట్టుకుని దిద్దాను. మర్నాడు ఆ పాపిష్టి టాబ్లెట్ మీదా అలాగే చేశాను. గాజుకీ గాజుకీ తేడా లేదనను. ఈ-రీడరే మెత్తన, అదీ కిటికీ పక్కనైతే. కానీ టాబ్లెట్ మీద కూడా సాయంత్రానికి కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఇంతకాలం కంటి సుఖాన్ని ఒక వస్తువులా కొని తెమ్మని అడిగాను. వస్తువైతే వాళ్ళు ఎన్నయినా కొంటారు. మనిషిని అడిగితేనే వాళ్ళకి చెమట పడుతుంది.

శుక్రవారం సంతకం పెట్టలేదు. మిగతా ఇద్దరూ పెట్టలేదు.

"ఏంటమ్మా, ఈ గాజు కూడా నచ్చలేదా?" అన్నాడు మేనేజరు.

"గాజు బావుంది సార్. ఉంచుకుంటాం. చదివేవాళ్ళు కావాలి."

"ఆ ముక్క ముందు అడగలేదే?"

"తప్పు కనిపిస్తే దిద్దడమేగా మా పని."

నవ్వింది అటెండరొక్కడే.

ఆ రోజునుంచీ మాలో ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దుతున్నారు, మూడోవాళ్ళు దూరంగా చూస్తున్నారు. డాక్టరు సలహా అని చెబుతున్నాం. పేజీలు సగానికి పడ్డాయి. రచయితలు ఫోన్లు చేసి పుస్తకమేదని అడుగుతున్నారు. ఇవాళ మేనేజరు తలుపు దగ్గర నిలబడి, ఎవరికీ వినబడకూడదన్నట్టు నీ నంబరు అడిగాడు. ఇచ్చాను.

రేపు నీకు ఫోన్ చేస్తాడు. మొదటిసారి ఎత్తకు. రెండోసారి ఎత్తి, బాగున్నారా అని తీరిగ్గా అడుగు. నిన్నొక్కదాన్నే రమ్మంటాడు. తీసేసిన ముగ్గురం వస్తామని చెప్పి, ఆయన ఏదో ఒకటి అనేలోగా "ఫుల్‌స్టాప్" అని పెట్టేయ్.

ఇట్లు,
ఇక్కణ్ణుంచి కదలని
నీ వదిన