మీ రచయితా, మా ఆదివారాలూ

శ్రీవారికి,

అక్కడ మీరు కులాసాగా ఉన్నారని, సొరంగం దుమ్ముకి మళ్లీ దగ్గు పట్టుకోలేదని తలుస్తాను. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. ఈ ఒక్క మాటా రాసి పెన్ను పక్కన పెట్టి రెండుసార్లు లేచి తిరిగొచ్చాను. మధ్యాహ్నం క్లినిక్‌లో పేషెంట్లు లేరు కదా, ప్రశాంతంగా రాద్దామని ఇక్కడ కూర్చుంటే ప్రశాంతత తప్ప అన్నీ ఉన్నాయి. కాలు కాలిన పిల్లిలా చెవి పరీక్షల గదిలోంచి రిసెప్షన్‌లోకీ, అక్కణ్ణుంచి మళ్లీ ఇక్కడికీ తిరుగుతుంటే, ఏమన్నా పోగొట్టుకున్నారా మేడమ్ అని అడిగింది రిసెప్షన్ అమ్మాయి. లేదన్నాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలి వాపు తగ్గింది. డాక్టరు చేతికర్ర పట్టుకుని నడవమన్నాడు. ఆవిడ కర్రని గొడుగులా చంకలో పెట్టుకుని నడుస్తోంది. ఆనుకుని నడవడానికి అదేమన్నా చుట్టమా అంటుంది. పాపకి ఊడిన ముందు పన్ను మళ్లీ వచ్చింది, కాస్త వంకరగా. నాన్న సొరంగానికి అవతలి వైపు నుంచి బయటికొస్తారా, ఇవతలి వైపు నుంచా అని దానికో పెద్ద అనుమానం. తవ్వడం పూర్తయితే అవతల్నుంచి, కాకపోతే ఇవతల్నుంచి అని చెప్పాను. వంటింటి గోడ చెమ్మ అలాగే ఉంది. మేస్త్రీ వచ్చి వేలితో పొడిచి చూసి, లోపం పైవాళ్ల పైపుదన్నాడు. పైవాళ్లు మేస్త్రీదే లోపమన్నారు. ప్రస్తుతానికి గోడ కింద పాత గుడ్డలు పరిచాను.

ఇక మీ రచయిత సంగతి. మా గుంపు ఏమందని రెండు ఉత్తరాల్లో అడిగారు. ఒక్క ముక్కలో రాసేద్దామంటే కుదరడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, ఓపిగ్గా చదవండి. కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు పొడిగించుకోనా అని కూడా అడిగారు. దాన్ని మర్చిపోలేదు. ఇదంతా చెప్తే గాని దానికి జవాబు రాదు నాకు.

మీరు పంపిన నవలని లైబ్రరీ వెనక గదిలో కూర్చునే మా ఆదివారం గుంపుకి తీసుకెళ్లాను. లెక్కల మాస్టారు, మందుల షాపాయన, పిల్లల వార్డు నర్సు, ఇంకా వచ్చీపోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు. మాస్టారికి ఈ రచయితంటే ప్రాణం. అట్ట చూడగానే లేచి నిలబడ్డారు, ఎవరో పెద్దమనిషి గదిలోకి వచ్చినట్టు.

ఈసారి అత్తయ్యని కూడా తీసుకెళ్లాను. ఆవిడకి చిన్న అక్షరాలు ఆనడం లేదని నవల మొత్తం నేనే సాయంత్రాలు చదివి వినిపించాను కాబట్టి, ఆవిడ కూడా చదివినట్టే లెక్క. కథ మీకు కంఠతా వచ్చు. కానీ ఆవిడ ఎలా విందో మీకు తెలియదు. ఒకాయన ఆఫీసు నుంచి ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడతాడు. ఇల్లు తనదనిపించదు, అద్దంలో ముఖం తనదనిపించదు. వెనక భార్య కంచం పెడుతుంది, తీస్తుంది. పోను పోను ఎవరు పిలిచినా పలకడం మానేస్తాడు. అంతా విని అత్తయ్య, అతనికి ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఒంట్లో బాగానే ఉంది, లోకంతో సంబంధం తెగిపోయింది అన్నాను. ఎవరు తెంపారంది. నేను పేజీ తిప్పేశాను.

మొదటి ఆదివారం మాస్టారు కిటికీ దగ్గరి ఘట్టం పైకి చదివారు. ఈ రచయితకి ముందు కథల్లో ప్రతివాడూ ఎవరికో కొడుకు, ఎవరికో తండ్రి, ఎవరికీ ఏమీ కాని మనిషిని మొదటిసారి చూపించింది ఈయనే అన్నారు. మందుల షాపాయన ఊరుకోలేదు. ఇన్ని వందల పేజీలు కిటికీ దగ్గర నిలబడ్డ మనిషికి కాళ్లనొప్పులు కూడా రాలేదేంటి, నా షాపుకొస్తే రక్తం పట్టే టానిక్ ఇచ్చి పంపేవాణ్ణి అన్నారు. అందరం నవ్వాం, మాస్టారు తప్ప. నర్సు ఒక్కతే భార్య గురించి అడిగింది. పుస్తకం మొత్తంలో ఆవిడ మాట్లాడేది ఎక్కడో ఒకటి రెండు చోట్ల, అదీ భోజనం గురించి. ఆవిడకేమీ అనిపించదా అని నర్సు అడిగితే, ఆవిడ మనిషి కాదమ్మా, ఒక ప్రతీక అన్నారు మాస్టారు.

అత్తయ్య నా వైపు వంగి ప్రతీకంటే ఏంటంది. చెప్పాను. అప్పుడు మాస్టారికి కూడా వినపడేలా అడిగింది:

"ఆవిడ మనిషే కాకపోతే, మరి వంట ఎవరు చేశారండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వారమంతా ఆయనకి ఆ ప్రశ్న గొంతులో ముల్లులా ఉండిపోయిందని తర్వాత నర్సు చెప్పింది.

రెండో ఆదివారానికి వాళ్లిద్దరి వాదన ముదిరిపోయింది. ఎప్పట్నుంచో ఒకే బల్ల మీద టీ తాగే స్నేహితులు. ఈ పుస్తకం నచ్చనివాడికి చదివే అర్హత లేదన్నారు మాస్టారు. ఇది నచ్చినవాడికి ఇల్లుండే అర్హత లేదన్నారు షాపాయన. నాకు మధ్యలో ఎటూ మాట్లాడాలనిపించలేదు. చేతిలో రబ్బరు బ్యాండు లాగుతూ కూర్చున్నాను. అప్పుడు మాస్టారు, ఇది మీ ఆయన పంపిన పుస్తకం కదా, ఆయనేమంటారు అని అడిగారు.

చెప్పాను. మీ ఉత్తరంలోని మాటలే, కాస్త గర్వంగానే చెప్పాను. మనిషి చివరికి ఒంటరివాడే, అది ఒప్పుకున్నవాడే నిజాయితీగా బతుకుతాడు, ఆ నిజాయితీ నాకు ఈ క్యాంపులో దొరికింది అని రాశారని. మాస్టారు బల్ల మీద అరచేత్తో కొట్టి, చూశారా అన్నారు. నేను నవ్వుతూ పక్కకి తిరిగేసరికి అత్తయ్య ముఖం కనిపించింది. ఆవిడ అక్కడుందన్న సంగతే మర్చిపోయాను.

తిరుగుదారిలో ఆవిడ మోకాలి సంగతి మర్చిపోయి ముందు నడిచింది. చెప్పులు కుట్టే షాపు మూసి ఉంటే దాని ముందున్న బెంచీ మీద కూలబడింది. నేను పక్కన కూర్చున్నాను. మామగారు పోయేనాటికి మీరింకా సరిగ్గా నడవడం కూడా లేదట. ఆవిడ దర్జీ షాపులో కాజాలు కుడుతుంటే మీరు మిషను కింద నిద్రపోయేవారట. లేచి ఏడిస్తే కాలితో తొక్కుడు బల్ల ఆడిస్తూ, చేత్తో మీ వీపు నిమిరేదట. ఇదంతా నేను విన్నదే. కానీ ఈసారి చివర్న ఇంకో మాటంది. ఆ ఇరుకులో ఒంటరితనం పట్టడానికి చోటెక్కడిది అమ్మాయ్ అంది. ఏడవలేదు. ఆవిడ ముఖం ఎంత చిన్నబోయిందంటే, మీరు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

మిమ్మల్ని వెనకేసుకొద్దామని, అది పుస్తకాల భాష అత్తయ్యా, ఆయన మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు అన్నాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు.

"వాడి సంగతి సరే. సాయంత్రం నువ్వు మెట్లెక్కి వస్తావు. తాళంచెవి చప్పుడు రాదు. తలుపు కింది సందులోంచి నీ కాళ్ల నీడ కనపడుతుంది. నీకోసం కలిపిన కాఫీ చల్లారేదాకా అక్కడే ఉంటావు. ఎందుకమ్మాయ్?"

ఎప్పట్నుంచి చూస్తున్నారని అడిగాను.

"వాడు వెళ్లకముందు నుంచీ."

ఏమండీ, ఇది మీకెప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి ఇదొక సంగతని కూడా నాకు తెలియదు. క్లినిక్‌లో రోజంతా మనుషుల చెవుల్లోకి చిన్న చిన్న శబ్దాలు పంపిస్తాను. వినపడితే బటన్ నొక్కండి అంటాను. ఆ గదిలోంచి బయటపడి, మెట్లెక్కి, తాళంచెవి తీసి, ఆగుతాను. తలుపు తీయగానే అమ్మా అని ఒక పిలుపు, అమ్మాయ్ అని ఒక పిలుపు. మీరున్నప్పుడు మీ పిలుపు కూడా. పలుకుతాను, సంతోషంగానే పలుకుతాను. కానీ ఆ తలుపు తీసేముందు కాసేపు నేనెవరికీ ఏమీ కాను. అది బాగుంటుంది. అంత బాగున్నందుకు భయం కూడా వేస్తుంది. ఒక్కోసారి లోపల నవ్వులు వినిపిస్తుంటే, ఈ ఇంట్లోకి నేను రాకపోయినా జరిగిపోయేట్టుందే అనిపిస్తుంది. ఆ మాట తల్చుకుంటే గుండె జారుతుంది, అయినా కాళ్లు కదలవు.

మీమీద బెంగగా ఉందని ప్రతి ఉత్తరంలోనూ రాశాను. అబద్ధం కాదు. కానీ మీరు వెళ్లాక ఆ గుమ్మం బయట ఇంకాస్త ఎక్కువసేపు నిలబడగలుగుతున్నాను. అదీ నిజమే.

మూడో ఆదివారం మాస్టారూ, షాపాయనా చెరో మూలన కూర్చున్నారు. షాపాయన, ఈ ఏడుపు పుస్తకం పక్కన పెట్టి హాయిగా ఏదన్నా నవ్వించేది తీసుకుందామన్నారు. సరే సరే అన్నారు వచ్చీపోయేవాళ్లు. నేను వద్దన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఈ రచయిత గొప్పవాడే, కిటికీ దగ్గర ఆ మనిషికి ఏమవుతుందో అక్షరం పొల్లుపోకుండా రాశాడు, ఎందుకంటే నాకూ అదే అవుతుంది అన్నాను. గుమ్మం సంగతి చెప్పాను. అందరి ముందూ చెప్పేశాను, మీకంటే ముందు వాళ్లకి. దానికి మీరు నొచ్చుకుంటే నొచ్చుకోండి. కాకపోతే ఆయన సగంలో ఆపేశాడు అన్నాను. వెనక కంచం పెడుతున్న మనిషికి కూడా ఇల్లు పరాయిదనిపించొచ్చని ఆయనకి తట్టలేదు. ఒంటరితనం అంతా తనకే కావాలన్నాడు, ఆవిడకి కాస్త కూడా మిగల్చలేదు.

మాస్టారు నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన ఇబ్బందిగా కదిలి, అది వేరమ్మా, మీది అలసట అన్నారు. ఆ రచయిత రాసింది అస్తిత్వం గురించట. సమావేశం అయ్యాక మందుల షాపాయన నా దగ్గరికొచ్చి, పుస్తకం ఒక వారం ఇస్తారా, మళ్లీ మొదట్నుంచి చదువుతానన్నారు. మా ఆవిడ కూడా ఒక్కోరోజు మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లి ఎంతకీ దిగిరాదండీ అన్నారు. అందుకే మీ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు.

ఇక దాచింది చెప్పేస్తాను. పెద్దాసుపత్రిలో, ఇక్కణ్ణుంచి రైల్లో ఒక పగలంతా పట్టే ఊళ్లో, పుట్టుకతోనే వినపడని పసిబిడ్డలకి పరీక్షలు చేయడం నేర్పిస్తారు. రెండు నెలల శిక్షణ. హాస్టల్లో ఉండాలి. కిందటేడూ రమ్మన్నారు, ఇంటిదగ్గర కుదరదని మీకు చెప్పకుండానే వద్దన్నాను. ఈసారి మొన్న మంగళవారం వస్తానని చెప్పేశాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే వద్దనరు మీరు. చూద్దాం అంటారు. ఆ చూద్దాంలో ఇంకో ఏడాది గడిచిపోతుంది.

అత్తయ్యకి చెప్పాను. వెళ్తావా, పారిపోతావా అని సూటిగా అడిగింది. వెళ్తాను, వస్తాను అన్నాను. అయితే వాణ్ణి రమ్మను అంది. ఈ కాళ్లతో తను బడికి వెళ్లి పాపని తీసుకురాలేనంది. పక్కవాళ్ల మీద పెట్టడం తనకిష్టం లేదు. వాడి అమ్మ, వాడి కూతురు, వాడొచ్చి చూసుకుంటాడు అని కూరగాయలు తరగడానికి కూర్చుంది.

కాబట్టి ఇదీ నా జవాబు. పొడిగింపు కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. వచ్చే నెల మొదట్లో సెలవు పెట్టి రండి. చుట్టంలా రాకండి. పొద్దున్నే పాపకి జడ వేయాలి, దానికి నొప్పి పుట్టకుండా ఎలా వేయాలో నేను వెళ్లేలోపు నేర్పిస్తాను. అత్తయ్య మాత్ర మింగానని చెప్పి దిండు కింద పెడుతుంది, చూడండి. మాస్టారు మిమ్మల్ని చర్చకి పిలుస్తారు, వెళ్లండి. రెండు నెలలయ్యాక నేనొస్తాను. అప్పుడు రెండేళ్ల గురించి, సొరంగం గురించి, ఒంటరితనం గురించి ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని వాదించుకుందాం. మీ ఒంటరితనాన్ని కాదనను. నా దాన్ని మీరు కాదనకూడదు.

మీరు రారేమోనని భయంగా ఉంది. రాకపోయినా వెళ్తానేమోనని ఇంకా భయంగా ఉంది. మీ రాత నాకు తెలుసు. చక్కటి వాక్యాలు రాస్తారు, చదివితే కరిగిపోతాను. అందుకే దీనికి జవాబు రాయకండి. బయల్దేరి రండి.

ఇట్లు,
మీ ఇల్లాలు