ఎలా రమ్మంటారు సార్?

తిరువూరు,
4-8-1974

ప్రియమైన కిట్టూ,

నెలాఖర్లో ఇన్‌స్పెక్టరు గారు మా బడికొస్తున్నారు. ఏడో తరగతికి నేను చెప్పే ఇంగ్లీషు పాఠం చూసి, ఈ టెంపరరీ ఉద్యోగం ఉంచాలో తీసేయాలో రాస్తారట. పాఠం క్రియా విశేషణాలు. సూత్రం ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు గోడకేసి చూస్తున్నారు. పోతే పోయింది, ఇంటిపట్టున ఉండమని నాన్న అప్పుడే అనేశారు. నాకు మాత్రం బడి వదలాలని లేదు. ఏదైనా చెప్పు.

నీ అక్క
శ్యామల


విజయవాడ,
9-8-1974

ప్రియాతిప్రియమైన పంతులమ్మ గారికి,

తమ విన్నపం అందినది. నాలుగు ఇడ్లీలు తిని, దీర్ఘంగా ఆలోచించి తీర్పు రాస్తున్నాను. సూత్రాన్ని బీరువాలో పెట్టి తాళం వేయి. 'హి వాక్స్' అంటే ఎవడో నడుస్తున్నాడు, మనకేం? 'స్లోలీ' అని చేర్చు, పరీక్ష హాల్లోకి పోయే నేను కనిపిస్తాను. 'క్విక్‌లీ' అను, హాల్లోంచి బయటపడే నేను. నడక ఒక్కటే, మనిషి మారిపోయాడు. కాబట్టి పిల్లల్ని కూర్చోబెట్టకు, నడిపించు.

జ్ఞానభారంతో నడుము వంగిన తమ్ముడు
కృష్ణారావు


విజయవాడ,
8-9-1974

అక్కా,

ఆయన వచ్చి వెళ్లి వారం దాటింది. ఉద్యోగం పోయిందా, నీ పెన్నులో సిరా అయిపోయిందా? హాస్యానికి అడగడం లేదు. నాకు భయంగా ఉంది.

కిట్టు


తిరువూరు,
21-9-1974

ప్రియమైన తమ్ముడికి,

ఆర్డరు చేతికొచ్చేదాకా నోరెత్తకూడదనుకున్నాను.

నువ్వన్నట్టే పిల్లల్ని నడిపించాను. ఏ పని చెప్పినా ఎలా చెయ్యాలో అడిగి మరీ చెయ్యమన్నాను. ఇన్‌స్పెక్టరు గారు రాగానే సూత్రం చెప్పమన్నారు. ఒక్కరికీ రాదు. నేను నేర్పితేగా! హెడ్మాస్టరు దేవానందం గారి మొహం నల్లబడింది. అయిపోయిందనుకున్నాను. ఇన్‌స్పెక్టరు గారు విసుగ్గా ముందు బెంచీలో ఉన్న జోజమ్మను "కమ్ హియర్" అన్నారు. అది లేచి నిలబడి కదలకుండా, "హౌ, సర్?" అంది.

ఆయనకు అర్థం కాలేదు.

"ఎలా రమ్మంటారు సార్? స్లోలీయా, క్విక్‌లీయా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సైలెంట్‌లీ" అన్నారు. అది మునివేళ్ల మీద వచ్చి నిలబడింది. ఇంక చూసుకో, ఒక్కొక్కర్నీ లేపి ఆయన మాటలివ్వడం, తెలియని మాటకు అర్థం అడిగి వీళ్లు నడవడం. 'యాంగ్రిలీ' తనే నడిచి చూపించబోయి మధ్యలో నవ్వేశారు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

నిన్న ఆర్డరొచ్చింది. ఉద్యోగం ఖాయం. నాన్న దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. ఇవాళ పొద్దున కొట్టు తెరవకుండా, నా క్యారేజీ తనే పట్టుకుని బయల్దేరారు. బస్టాండుకి దగ్గర దారి ఉండగా బజారు చుట్టూ తిప్పి తీసుకెళ్లారు. అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ ఒకటే మాట: "మా అమ్మాయండి. ఇంగ్లీషు టీచరు."

కళ్లముందే మా బడికెళ్లే బస్సు వెళ్లిపోయింది. నేను కంగారుపడుతుంటే, "ఇంకోటుందిలేమ్మా" అని, అవతలి వైపు మందుల షాపు తెరుస్తున్న అంకారావు గారి దగ్గరికి నడిచారు.

నీ అక్క
శ్యామలాదేవి, ఇంగ్లీషు టీచరు