గుండ్రటి గొయ్యి, చదరపు మూత

జూన్ 9

మా కాలనీ సంఘం రిజిస్టరు రాసేది నేనే. దస్తూరీ బాగుంటుందని, ఎవరికీ ఎదురు చెప్పనని నాకు అప్పగించారు. అందులో జరిగింది రాయకూడదు, ప్రెసిడెంటు గారు చెప్పింది రాయాలి. ఈరోజు మీటింగులో రెండు గంటలు అరుచుకున్నారు. ఒక కుర్చీ కాలు విరిగింది. సభ్యులు ఉత్సాహంగా చర్చించారని రాయమన్నారు. రాశాను. ఇంటికొచ్చి ప్రార్థనకు కూర్చుంటే మాట పెగల్లేదు. అబద్ధం రాసిన చేత్తో దండం పెట్టడం ఎలా? అందుకే ఈ నోటుబుక్కు. అక్కడ రాసినదానికి ఇక్కడ విరుగుడు. యాభై ఏళ్లొచ్చాక డైరీ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వొచ్చు. చూపిస్తే కదా నవ్వడానికి.

గొడవంతా ఒక మూత గురించి. మా ఇంటికీ ఎదురింటి టైలరమ్మ ఇంటికీ మధ్య, సందు నడిబొడ్డున, డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఉంది. దాని ఇనుప మూత ఎనిమిది రోజుల కిందట మాయమైంది. అప్పట్నుంచి గొయ్యి నోరు తెరుచుకునే ఉంది. గుర్తుగా ఉంటుందని ఎవరో అందులో పాత చీపురు నిలబెట్టారు. మర్నాడు చీపురూ మాయం.

మా అత్తయ్యకు డెబ్బై తొమ్మిది. చూపు మసక. రోజూ సాయంత్రం నాలుగింటికి కర్ర పట్టుకుని సందు దాటి టైలరమ్మ వరండాలో కూర్చునేవారు. చిక్కుపడ్డ దారాలు వేళ్లతో తడిమి విడదీస్తూ, కాలనీ అందరి కొలతల మీదా వ్యాఖ్యానం చేసేవారు. రోజు మొత్తానికి ఆమెకున్న బయటి లోకం అదొక్కటే. ఇప్పుడు నేను పోనివ్వడం లేదు. గేటు లోపల కుర్చీ వేస్తే అక్కణ్ణుంచే కేకలేస్తున్నారు. టైలరమ్మ మిషను ఆపి అటునుంచి కేకేస్తోంది. రిటైరైన పోస్టుమాస్టరు గారి నడుం ఈ ఏడు రెండంగుళాలు పెరిగిందని ఇప్పుడు సందంతటికీ తెలుసు.

జూన్ 11

అర్జీ రాశాం. మా కాలనీలో అర్జీ మీద మొదటి సంతకం ఎవరూ పెట్టరు. మొదటి పేరు ఎవరిదైతే మునిసిపాలిటీ వాళ్లు వాళ్లనే పట్టుకుని తిప్పుతారు. దోమల మందు అర్జీలో ముందు సంతకం పెట్టిన కిరాణా కొట్టాయన ఇప్పటికీ దోమ కుట్టినా పైకి చెప్పడు. అందుకని ప్రెసిడెంటు గారు ఒక పద్ధతి కనిపెట్టారు. కాగితం మీద పళ్లెం బోర్లించి గీత గీస్తారు. ఆ గీత చుట్టూ గడియారం అంకెల్లా అందరం సంతకాలు పెడతాం. మొదలూ ఉండదు, చివరా ఉండదు. ఇదే అసలైన ప్రజాస్వామ్యం అంటారాయన. ఆయన హెడ్మాస్టరుగా చేశారు కాబట్టి ఏ మాటన్నా పాఠంలాగే ఉంటుంది. మా ఆయన మాత్రం దీన్ని దొంగల ఒప్పందం అంటారు. అంటూనే సంతకం పెట్టారు.

ఖాళీ ఎక్కడుంటే అక్కడ నేనూ పెట్టాను.

జూన్ 13

మునిసిపాలిటీ ఆఫీసులో కౌంటరు అమ్మాయి మా అర్జీని స్టీరింగులా తిప్పిందట. అటు తిప్పి, ఇటు తిప్పి, విసిగిపోయి బల్ల మీద పడేసింది. అందరి సంతకాలూ తలకిందులుగానో పక్కవాటుగానో పడ్డాయి. నాదొక్కటే నిటారుగా ఉంది. అర్జీదారు పేరు దగ్గర నా పేరెక్కింది. ఫోన్ నంబరు ప్రెసిడెంటు గారే అడక్కుండా ఇచ్చారు.

సాయంత్రం ఆయనే వచ్చి, మన చేతుల్లో ఏముందమ్మా, అంతా దైవసంకల్పం అన్నారు. దేవుడి పేరెత్తితే నేను నోరెత్తనని ఆయనకు బాగా తెలుసు.

జూన్ 20

మీ ఫిర్యాదు మాకు ముఖ్యం అని మెసేజ్ వచ్చింది. ముఖ్యం కావడం ఇది నాలుగోసారి.

జూన్ 27

మూత వచ్చింది! ఇద్దరు పనివాళ్లు బండి మీద తెచ్చారు. కొత్తది. బరువైనది. చదరంగా ఉంది.

గొయ్యి గుండ్రంగా ఉందండీ అన్నాను. ఎవరికీ వినపడలేదు. నా గొంతే అంత. ఇల్లంటుకుందని నువ్వు చెప్పినా పక్కింటివాళ్లు జోలపాట అనుకుంటారని మా ఆయన అంటుంటారు. మళ్లీ చెప్పాను. పెద్ద పనివాడు నావైపు జాలిగా చూశాడు. ఆర్డర్లో మూత అని రాశారమ్మా, ఏ ఆకారమో రాయలేదు, మాకిచ్చింది మేం తెచ్చాం అన్నాడు. నాలుగు మూలలూ గొయ్యి అంచు మీద ఆనేలా పెట్టి, కాలితో రెండుసార్లు తొక్కి, గట్టిగానే ఉందని వెళ్లిపోయారు. నాలుగువైపులా అర్ధచంద్రుల్లాగా సందులు కనిపిస్తున్నాయి.

అత్తయ్య కర్ర తీసుకుని, వెళ్లనా అమ్మాయ్ అని అడిగారు. రేపు చూద్దాం అత్తయ్యా అన్నాను. ముఖం చిన్నబోయింది.

జూన్ 28

గ్యాసు సిలిండర్ల ఆటో దాని మీదుగా వెళ్లింది. మూత ఒకవైపు లేచి, వాలి, లోపలికి జారింది. పూర్తిగా పడలేదు. తొడ లోతున ఏటవాలుగా ఇరుక్కుంది, టీ గ్లాసులో బిస్కెట్టులా. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

నేను ఆపినందుకు అత్తయ్య థాంక్స్ చెబుతారనుకున్నాను. నీ నోటి చలవే అన్నారు.

జూలై 4

మునిసిపాలిటీ ఇంజనీరు గారు ఫోన్ చేశారు. చిన్నవాడిలా ఉంది గొంతు. అలసిపోయిన గొంతు. మూత ఇచ్చాం కదా మేడం, ఫిర్యాదు క్లోజ్ చేస్తూ సంతకం పెట్టండి అన్నారు. మూత గోతిలో పడిందండీ అన్నాను. అంటే మూత ఉందా, లేదా అన్నారు. ఉందండీ. మరింకేం మేడం! పైగా ఇదివరకు ఆరడుగుల లోతు, ఇప్పుడు రెండున్నర, ప్రమాదం సగానికి పైగా తగ్గింది, అదీ అభివృద్ధే కదా అన్నారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. లెక్క ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. అదే నా బాధ.

జూలై 6

ప్రెసిడెంటు గారు పదకొండు మందిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఈ నెల పదిహేనుకల్లా ఏ కాలనీ మీద పెండింగు ఫిర్యాదు ఒక్కటీ ఉండదో ఆ కాలనీకే ముందు తారు రోడ్డట. మన కాలనీకి ఉన్నది ఒకే ఒక్కటమ్మా, నీది, అన్నారు. నాదట! పళ్లెం చుట్టూ ఇరవై రెండు సంతకాలు పెట్టింది ఎవరో.

అందరూ టీ తాగారు. ఒకరు మోకాళ్ల నొప్పులని, ఒకరు స్కూటరు టైర్లని, ఒకరు మా గేటు ముందు బురద చూడమ్మా అని. ఎవరిదీ అబద్ధం కాదు. మా ఆయన గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నారు.

క్లోజింగు ఫారం నా చేతికిచ్చారు. కాదని చెప్పలేను, నాకు చేతకాదు. సంతకం పెట్టాను. దాని పైన అర్జీదారు అభిప్రాయం అని ఒక గడి ఉంది. ఖాళీగా వదలడం మర్యాద కాదని ఉన్నమాట రాశాను. మూత వచ్చింది. గోతిలో ఉంది.

ప్రెసిడెంటు గారు చదివి, మళ్లీ కళ్లజోడు తుడుచుకుని చదివి, కూర్చుండిపోయారు. అమ్మా, నిన్ను నా స్కూల్లో చదివించి ఉంటే ఈ రెండో వాక్యం రాయనిచ్చేవాణ్ణి కాదు అన్నారు. ఇంకో ఫారం లేక అలాగే పట్టుకెళ్లారు.

జూలై 9

ఆఫీసులో నా రెండో వాక్యాన్ని ఇంకో సెక్షనుకు పంపారట. డ్రైనేజీలో పరాయి వస్తువు పడి ఉంది అని కొత్త ఫిర్యాదు నమోదైంది. మొదటిదీ అలాగే ఉంది. ఇప్పుడు మా కాలనీ మీద రెండు పెండింగు. రెంటికీ అర్జీదారు నేనే.

ఎవరూ నాతో మాట్లాడటం లేదు. ఇస్త్రీ బట్టలు తెచ్చినాయన కూడా గుమ్మంలో ఆగి, రోడ్డు వచ్చుంటే బండి సాఫీగా తోసుకునేవాణ్ణమ్మా అని నిట్టూర్చి వెళ్లాడు. టైలరమ్మ ఒక్కతే వచ్చింది. వదినా, చూడ్డానికి దూదిలా ఉంటావుగానీ లోపల దబ్బనానివి అంది. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు.

జూలై 11

అత్తయ్య ఈరోజు కేకలెయ్యలేదు.

నాలుగింటికి కుర్చీ వెయ్యబోతే వద్దన్నారు. టైలరమ్మ తనంతట తానే మిషను ఆపి, పెద్దమ్మా, ఈ జాకెట్టు ఎవరిదో చెప్పుకో చూద్దాం అని ఊరించింది. నాకెందుకులే అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మధ్యాహ్నం కూడా సరిగా తినలేదు. చూపు మందగించినప్పుడు కూడా ఇలా కాలేదామె.

మా ఆయన వంటింట్లోకి వచ్చి, ఆఫీసుకెళ్లి ఆ రెండో వాక్యం కొట్టేసి రారాదూ అన్నారు. కొట్టేస్తే మూత బయటికొస్తుందా అండీ అన్నాను. అమ్మ ఒక్క మాట తిట్టినా బావుణ్ణు అని వెళ్లిపోయారు.

నా పంతం కోసం అందరినీ దూరం చేసుకుంటున్నానా? కానీ ఫారం మీద మూసేసిన గొయ్యి మీద అత్తయ్య ఎలా నడుస్తారు?

జూలై 12, ఉదయం ఐదున్నర

ఈరోజు పదింటికి ఇంజనీరు గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. ఇప్పుడే ప్రార్థన ముగించాను. ఎన్నడూ ఎవరికీ చెడు కోరలేదు. ఈరోజు కూడా కోరలేదనే అనుకుంటున్నాను. తండ్రీ, ఆ గొయ్యి ఎంత లోతో ఇంజనీరు గారికి నువ్వే తెలియజెయ్యి అన్నాను. అంతే. ఇంకొక్క మాట ఎక్కువ అనలేదు.

జూలై 12, మధ్యాహ్నం పన్నెండు

తెలియజేశాడు.

ఇంజనీరు గారు వచ్చారు. పాతికేళ్లు కూడా దాటినట్టు లేదు, పాలిష్ చేసిన బూట్లు. గొయ్యి చూశారు, టేపు పెట్టి కొలిచారు, పర్వాలేదన్నారు. ఫైల్లో పెట్టడానికి సందు మొత్తం కనిపించేలా ఫొటో కావాలన్నారు. ప్రెసిడెంటు గారు, కాలనీ పెద్దలు వరసగా నిలబడి పొట్టలు లోపలికి పీల్చారు. ఇంకొంచెం వెనక్కి వెళితే అందరూ వస్తారు సార్ అని పోస్టుమాస్టరు గారు అన్నారు. ఇంజనీరు గారు ఒకడుగు వెనక్కి వేశారు. నేను బాబూ బాబూ అన్నాను. నా గొంతు సంగతి తెలిసిందే. ఆయన ఇంకో అడుగు వేశారు.

కుడికాలు తొడదాకా దిగిపోయింది. లోపల ఇరుక్కున్న మూత మీద పాదం ఆనింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మనిషే దిగేవాడు. ఫోను మాత్రం పైకెత్తిన చేతిలో భద్రంగా ఉంది. ప్రెసిడెంటు గారు సార్ కదలకండి అని అరిచారు. కదలడానికి వీలుంటే కదా.

అప్పుడు అరిచానట నేను. ఆ బిడ్డను పట్టుకోండి, నిలబడి చూస్తారేం, అని. నాకు గుర్తులేదు. పై వీధి వరకూ వినపడిందని టైలరమ్మ అంటోంది. అందరికంటే ముందు కర్ర చాపింది మా అత్తయ్య. గేటు తీసుకుని ఎప్పుడొచ్చారో తెలియదు. ఎటు చాపాలో కనపడక ముందు ప్రెసిడెంటు గారి పొట్టలో పొడిచారు, తర్వాత సరిగ్గా ఇంజనీరు గారికి అందించారు.

బయటికి లాగాం. చీలమండ వాచింది. నీళ్లు పోసి కాలు కడిగాను. మా ఆయన బనియన్ చింపి కట్టు కట్టాను. ఆయన నన్ను అమ్మా అని పిలిచి థాంక్స్ చెప్పారు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. పదకొండు వార్డులకు తనొక్కడేనట. మూత కొలతలు పాత రిజిస్టర్లోంచి ఎత్తి రాశానమ్మా, వచ్చి చూసే టైము లేక, అన్నారు. టీ తాగి, కప్పు కింద పెడుతూ, లోతే అమ్మా, అన్నారు.

జూలై 14

గుండ్రటి మూత వచ్చింది. ఇంజనీరు గారు కుంటుకుంటూ వచ్చి దగ్గరుండి బిగింపించారు. దానికి ముందు లోపలున్న చదరపు మూతను తాళ్లు కట్టి తీశారు. రెండు ఫిర్యాదులూ ఒకేసారి పూర్తయ్యాయి, రేపటి గడువుకు ఒకరోజు ముందే. రోడ్డు మాకే.

క్లోజింగు ఫారంలో సమస్య ఎలా పరిష్కారమైంది అని కొత్త గడి ఉంది. చివరికి దైవకృప అని రాశాను. మంచి మాట రాశారమ్మా అని ఇంజనీరు గారు మురిసిపోయారు. అబద్ధం కాదు కదా.

రిజిస్టర్లో సంఘం అలుపెరగని పోరాట ఫలితంగా అని రాయమన్నారు. రాశాను.

నాలుగింటికి అత్తయ్య సందు దాటారు. కొత్త మూత మధ్యలో ఆగి, కర్రతో మూడుసార్లు కొట్టి, ఇప్పుడు చెప్పు ఆ జాకెట్టు ఎవరిదో అని కేకేశారు. వరండా ఇంకా ఆరడుగుల దూరం కూడా లేదు. అయినా కేకే.

జూలై 16

ఆ కుంటే అబ్బాయి కళ్లముందు నుంచి పోవడం లేదు. ఉండబట్టలేక నా ప్రార్థన సంగతి అత్తయ్యకు చెప్పేశాను. నీ ఒక్కదానిదే కాదులే అమ్మాయ్, అన్నారామె, ఆ పొద్దున నేనూ అడిగాను. నేనైతే రెండు కాళ్లూ దిగాలని అడిగాను.

ఇప్పుడు ఇద్దరం ఆ కాలు నయం కావాలని అడుగుతున్నాం. ఏ మాటల్లో అడగాలో ముందే అనుకున్నాం.

ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే పారెయ్యకండి, ఉన్నమాటే ఉంది. ఎక్కడైనా దాచిపెట్టండి. ఎవరికీ చూపించకండి. ఆ అబ్బాయికైతే అసలే వద్దు. మేమంటే మంచి అభిప్రాయం ఉంది.