హ్యాండిల్ మీది పేర్లు

గ్వెండా అక్కా,

మోకాలు వాచి బాలా ఊళ్ళో ఆగిపోయాను. కంగారుపడకు. డాక్టరు ఇక సైకిలు ఎక్కొద్దన్నాడు. ఆ మాట వినగానే, నిజం చెప్తున్నా, ప్రాణం లేచొచ్చింది.

మొదటి ఏడాది మా పాప నెరిస్ కోసమే వేల్స్ అంతా తొక్కాను. తనని చివరిదాకా చూసుకున్న ఆసుపత్రికి చందాలొస్తే చాలనుకున్నాను. ఇప్పుడు ఏ ఊరికెళ్ళినా ఎవరో ఒకరు తమ పోయినవాళ్ళ పేరు రిబ్బను మీద రాసుకొచ్చి హ్యాండిల్‌కి కడుతున్నారు. వాటి మధ్య నెరిస్ పేరు వెతుక్కోవాల్సి వస్తోంది. కాసేపు తన గురించి మాత్రమే ఏడవాలని ఉంది, అక్కా.

పొద్దున టీ ఇస్తున్న, నేను బస చేసిన ఇంటావిడతో, "ఇక మానేస్తున్నానమ్మా" అన్నాను.

"మా బాబు ఓవెన్ పేరు కట్టాలనుకున్నా. పోన్లెండి, ముందు మీ కాలు చూసుకోండి" అంది. రిబ్బను అప్పటికే చేతిలో ఉంది.

"కట్టండి" అన్నాను.

ఈసారితో ఆపేశానని మన ఊళ్ళో నువ్వే చెప్పాలి. నా నోట రావడం లేదు.

వద్దులే, చెప్పకు. పోయేనాటికి ఓవెన్‌కి ఏడేళ్ళట. ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను అవతలి కొండ ఎక్కుతూ ఉంటాను.

నీ తమ్ముడు