తేజ ‘అండీ’ అన్నాడు

అమ్మా, నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ ఫోన్ ఎప్పుడూ తమ్ముడు తేజ చేతిలోనే ఉంటుందని ఈ కార్డు రాస్తున్నాను.

జర్మన్‌లోనూ మనలాగే ‘మీరు’ వేరు, ‘నువ్వు’ వేరు, దాన్నిబట్టి క్రియ కూడా మారిపోతుంది. ఆసుపత్రిలో మా హెడ్ నర్సుని తడుముకుంటూనే ‘మీరు’ అనేదాన్ని. మొన్న ఆవిడ కాఫీ చేతికిచ్చి, ఇకనుంచి ‘నువ్వు’ అనమంది. ఆదివారం డ్యూటీ అంటగడుతుందేమోనని ఆ కాఫీ ముట్టుకోలేదు. ఇక్కడ అది స్నేహమేనట. నాకింకా నమ్మకం కుదరలేదు.

కొబ్బరి దింపు అయిందా? మాటలొచ్చిన దగ్గర్నుంచి నన్ను ‘ఏమే’ అనే తేజ నిన్న ఫోన్లో, “ఆయ్, అలాగేనండి అక్కా,” అన్నాడు. అది స్నేహం కాదని మాత్రం నాకు తెలుసు. పాకలో నా స్కూటీ మీద కప్పిన బరకం ఎత్తి, కింద స్కూటీయే ఉందో లేదో చూసి రాయి.

నాన్నగారికి నమస్కారాలు. తేజకి దీవెనలు స్కూటీ కనబడ్డాకే.

బేబి