ఫీల్డు బుక్కులో ఖాళీ గడి

చెల్లాయికి,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. అమ్మ మాత్రం మంచం దిగడం లేదు. నీ ఉత్తరం వాగు దాటి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఇదివరకు నువ్వు అక్కడ కేకేస్తే ఇక్కడ వినపడేది.

అడిగినవాటికి జవాబులు. అమ్మ మందులు వేసుకుంటోంది, మీ వదినను రెండు తిట్లు తిట్టాకే. బావగారి షాపు లైసెన్సు ఇక చెల్లదు, మీ ప్రభుత్వం దగ్గర కొత్తది తీసుకోవాలి. "మీ ప్రభుత్వం" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు రావడానికి పర్మిట్ నలభై రోజులంటున్నారు. అమ్మకు అంత వ్యవధి ఉందని డాక్టరు అనడం లేదు.

ఇక్కడ మంత్రిగారు అంతర్జాతీయ కోర్టు మనకు ద్రోహం చేసిందని సభ సభకీ గొంతు చించుకుంటున్నారు. ఎన్నికలన్నీ ఆ మాట మీదే. కోర్టు చేసిందల్లా మన మ్యాపును నమ్మడం. ముప్పై ఏళ్ల కిందట మన సర్వే ఆఫీసే దాన్ని అచ్చేసి రెండు వైపులా పంచింది. ఇన్నేళ్లూ ఎవరూ కాదనలేదు కాబట్టి సరిహద్దు అందులో గీసిన గీతేనని, వాగు అవతలి మీ వీధి పక్కదేశానిదని తీర్పు.

"ఆ గీత గీసినవాడి చేతులు పడిపోను, వాడెవడో నీకు తెలుసా?" అని అడిగావు. ఆ జవాబు కావాలనే ఇంతదాకా నెట్టుకొచ్చాను.

ఆ చేతులు నావే తల్లీ. ఉద్యోగంలో చేరిన కొత్త. మీ వీధి అవతలి చివర ఉన్న హద్దు రాయి దాకా నడిచి కొలవాలి. ఆ రోజు వాగు పొంగింది. ఒడ్డున టీ తాగి, గీత వాగు వెంబడే లాగేశాను. కొలతలు రాసుకునే ఫీల్డు బుక్కులో ఆ రాయి గడి వదిలేశాను, వాన తగ్గాక నింపుదామని. వాన తగ్గింది, నేను వెళ్లలేదు. నాలుగేళ్లకు నిన్ను ఆ వీధికే ఇచ్చాం. అప్పుడూ నాకు గుర్తు రాలేదు.

మొన్న మా పైఅధికారికి అంతా చెప్పాను. లేచి తలుపేసి వచ్చాడు.

"మన తప్పు మనకే సాకు కాదండీ, కోర్టు తీర్పు మార్చదు. బయటపడితే మంత్రిగారు మాత్రం ఓడిపోతారు. నోరు మూసుకుని రిటైరవ్వండి."

మూసుకున్నాను. సిగ్గుగా ఉంది. అమ్మ గుమ్మం వైపే చూస్తోంది, నువ్వెందుకు రావడం లేదని నన్నే అడుగుతోంది.

ఒక్క పని చేసిపెట్టు. వాగు ఒడ్డు నుంచి ఆ రాయి దాకా నడిచి, ఎన్ని అడుగులో రాసి పంపు. గడి ఇంకా ఖాళీగానే ఉంది.

ఇట్లు,
నువ్వు నన్ను ఇంకా అలా పిలుస్తానంటే,
నీ అన్నయ్య