నడుం చాప మీద బెల్టు

పంగై, లిఫుకా దీవి
శనివారం

నా కలొలైనెకు,

ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ ఒంట్లో ఏ నలతా లేకుండా ఉన్నావని నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ అక్క వికాకు మోకాలి నొప్పి తగ్గింది, నోటి వాడి మాత్రం తగ్గలేదు. నల్ల పంది ఈనింది. వంటపాక వెనక సీమపనస విరగకాసింది. తినే మనిషి లేక సగం కాయలు నేలపాలవుతున్నాయి.

ఈ ఉత్తరం లిసియాటె చేతికిస్తున్నాను. మన వీధి చివర లిసియాటే. సోమవారం ఓడెక్కి, రాజధానిలో విమానం పట్టుకుని, మీ టమాటా తోటకే మళ్లీ పనికి వస్తున్నాడు. ఇవన్నీ ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనున్నది మీ అక్క ఇంట్లో. నేను మాట్లాడుతుంటే ఆమె నా మోచేతి పక్కనే కూర్చుని, నేను నోరు తెరవకముందే నా జవాబు తానే చెప్పేస్తుంది.

పోయిన ఉత్తరంలో నన్ను రెండు సంగతులు అడిగావు. కెమెరా సామానంతా పెట్టుకుని పెళ్లిళ్లకూ చావులకూ దీవులు తిరగడానికి ఏ బ్యాగు కొని పంపమంటావని ఒకటి. తోట యజమాని నిన్ను ఇంకో నాలుగేళ్లు ఉండమంటున్నాడు, నెలాఖరులోగా సంతకం పెట్టమన్నాడు, ఏం చెయ్యమంటావని రెండోది. ముందు బ్యాగు సంగతి రాస్తాను.

సామాను ఇప్పుడు పిండి బస్తాలో తిప్పుతున్నాను. ఉప్పుగాలి తగిలి పెద్ద లెన్సు లోపల బూజు పట్టింది. పెళ్లికూతురి ముఖం మీద ఆ బూజు మచ్చ చూసి వాళ్ల నాన్న, "మా పిల్లకి పొంగు పోసిందా బోధకా?" అన్నాడు. కాబట్టి బ్యాగు కావలసిందే. దుకాణం కాగితంలోంచి నువ్వు కత్తిరించి పంపిన మూడు బొమ్మలూ గోడకు అంటించి, వాక్యం ధ్యానించినంత శ్రద్ధగా వాటిని ధ్యానించాను.

మొదటిది చక్రాలది. దాన్ని తయారుచేసినవాడు విమానాశ్రయం గచ్చు తప్ప దేవుడు చేసిన నేల చూసి ఉండడు. మన పడవ ఒడ్డుదాకా రాదని, నడుంలోతు నీళ్లలో దిగి సామాను నెత్తిన పెట్టుకుని నడవాలని, ఒడ్డెక్కితే ఇసుక, ఇసుక దాటితే పగడపు రాళ్లని వాడికెవరు చెబుతారు? ఎర్ర సముద్రంలో ఫరో రథచక్రాలకు పట్టిన గతి చదివినవాడెవడూ చక్రాల బ్యాగుతో ఉయిహా దీవిలో దిగడు.

గట్టి పెట్టె ఉంది చూడు, అది నీళ్లలో పడినా తేలుతుందట. నోవహు ఓడకు తారులాంటి కీలు పూసినట్టు చుక్క నీరు చొరదట. మంచిదే. కానీ ఖాళీదే పెండలం బస్తా అంత బరువు, సామాను పెడితే మొయ్యడానికి సమ్సోను కావాలి. పైగా పెట్టెలా కనబడితే పెళ్లి పందిట్లో ఏ లావుపాటి చిన్నాన్నో వచ్చి దానిమీద కూర్చుంటాడు. లేవమనే ధైర్యం ఎవరికుంది?

ఇక వీపుకు తగిలించుకునేది. దాని మీద నాకు ఆశ పుట్టిన మాట నిజం. తండ్రి ఇంట నివాసాలు అనేకం ఉన్నట్టు, దాంట్లో లెన్సుకొక గది, ఫ్లాషుకొక గది, బ్యాటరీలకు చిన్న వరండా. పక్కన మూడుకాళ్ల స్టాండుకు పట్టీలు. బరువు భుజాల మీద పడకుండా నడుముకు ఇంత వెడల్పు బెల్టు. ఒక్క మనిషి అంతా మోసుకుపోవచ్చని నువ్వు కింద గీత గీసి మరీ రాశావు. ఆ గీత చాలాసేపు చూశాను.

మీ అక్క ఆ బొమ్మ చూసి ఊరుకుంటుందా? "శిష్యుల్ని సంచి లేకుండా పొమ్మన్నాడు కదా ప్రభువు. నీకెందుకయ్యా ఇంత సంచి?" అంది.

"తర్వాత సంచి ఉన్నవాడు తీసుకుపొమ్మన్నదీ ఆయనే. అక్కడిదాకా చదువు వదినా," అన్నాను.

"నీకు కావలసిన పేజీ నీకెప్పుడూ దొరుకుతుందిలే," అంది.

లిసియాటె దగ్గర అలాంటిదే పెద్దది ఉంది, తోట పనికి వచ్చినప్పుడు కొనుక్కున్నాడు. కొనేముందు వాడి చూడడం మంచిదని అడిగి తెచ్చుకున్నాను. అప్పుడే ఉయిహా నుంచి కబురొచ్చింది, పడవలు కట్టే సెఫో పెద్దాయన కన్నుమూశాడని. పిల్లలంతా ఆక్లండ్‌లో ఉన్నారు, ఒక్కరికీ వచ్చే వీలు చిక్కలేదు. నాన్నను సాగనంపడం మేం మీ కెమెరాలోనే చూడాలి బోధకుడుగారూ అని పెద్దకొడుకు ఫోనులో ఏడ్చాడు. సామానంతా ఆ బ్యాగులో సర్దాను. స్టాండు కూడా దానికే కట్టాను. నీ చేతికి ఇవ్వకుండా ఆ స్టాండు కదలడం అదే మొదటిసారి.

చావింటికి కదా, మన ఆనవాయితీ ప్రకారం పాతబడి అంచులు పీలికలైన పెద్ద చాపే బట్టల మీద నడుముకు చుట్టుకున్నాను. పీచుతాడు నేనే కట్టుకున్నాను. నువ్వయితే మోకాలు నా వెన్నుకు ఆనించి, ఊపిరి బిగబట్టమని, ముడి బిగించేదానివి. నా ముడి ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇక ఆ బ్యాగు బెల్టు. బట్టల మీద పెట్టుకునే బెల్టది. చాప కింద పెట్టుకోవడానికి వీల్లేదు, చాప తీసి పెట్టుకోవడం అసలే కుదరదు. లాగి లాగి చాప మీదే క్లిప్పు పెట్టేశాను. బరువు నిజంగానే భుజాల మీద లేదు. పడవలో హాయిగా అనిపించి ఒక కీర్తన కూడా పాడుకున్నాను.

శవం తల దగ్గర పెద్దాయన అక్కగారు ఇలైసానె కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆవేళ ఆమె మాటకు పైమాట లేదు. నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఏంటయ్యా ఆ నడుముకి?"

"బ్యాగు బెల్టమ్మా."

"చాప మీద బెల్టా? మా తమ్ముడి ముందు నడుం బిగించుకుని వచ్చావు, ఎవరితో యుద్ధానికి? తీసెయ్."

తీసేశాను. క్లిప్పు ఊడగానే బరువంతా భుజాల మీద పడింది. కూర్చున్న పెద్దల మధ్య నిటారుగా నడవకూడదు కదా, వంగి పాకినట్టు వెళ్తున్నాను. వెనకున్న స్టాండు నాతోపాటు వంగుతుందా? చర్చి పెద్ద ఫతాయి నెత్తికి తగిలింది. "నాకు ఒకసారి బాప్తిస్మం అయింది బోధకా, మళ్లీ అక్కర్లేదు," అన్నాడు నెత్తి రుద్దుకుంటూ. ఆడవాళ్లు ఏడుపు మధ్యలో నవ్వారు. సిగ్గుతో ఇంకా వంగాను.

కడసారి ముద్దు మొదలైంది. ఒక్కొక్కరే వచ్చి పెద్దాయన నుదుటికి ముద్దుపెట్టి వెళ్తున్నారు, నేను తీస్తున్నాను. అందరి తర్వాత ఇలైసానె లేచింది. పెద్దయ్యాక అక్కాతమ్ముళ్లు ఒక చాప మీద కూర్చోకూడదనే మర్యాద మనది. ఆయన నుదుటిని ఆమె చిన్నతనంలో ఎప్పుడో ముట్టుకుని ఉంటుంది. ఆమె వంగింది. నేను కెమెరా ఎత్తాను. వీపు మీదే ఉన్న బ్యాగు పట్టీ చాప తాడును లాగింది, నా ముడి వదులైంది, చాప తొడల మీదికి జారింది. శవం ముందు చాప జారిన మనిషిని నేనెక్కడా చూడలేదు. రెండు చేతులతో చాప పట్టుకున్నాను. కెమెరా మెడకు వేలాడింది. నేను తల ఎత్తేసరికి ఆమె ముద్దు అయిపోయింది.

మట్టి ఇచ్చి వచ్చాక ఆమె దగ్గరికి వెళ్లి మోకరించి చెప్పాను, ఆ ఒక్క ఫొటో నాకు అందలేదని.

"మళ్లీ పెట్టమంటావా ముద్దు?" అంది. "వాణ్ణి ఒక్కసారే సాగనంపాను."

గుంతపొయ్యిలోంచి తీసిన చేమాకు పొట్లం నా ముందుకు తోసింది. "తిను. నీ పెళ్లాం ఏదీ? ఆ మూడుకాళ్ల కర్ర పట్టుకుని నీ వెనకాల నిలబడేది, నీ చెవిలో ఏదో ఊదేది."

"ఆస్ట్రేలియాలో ఉందమ్మా. టమాటాలు కోస్తోంది."

"ఎప్పుడొస్తుంది?"

"ఇంకో నాలుగేళ్లు ఉండమంటున్నారు."

"వాళ్లేమంటున్నారో నాకెందుకు? నువ్వేమన్నావు?"

పొట్లం విప్పుతూ కూర్చున్నాను.

"గుళ్లో నువ్వరిస్తే మా ఇంటి రేకులు అదురుతాయి," అంది. "ఇంట్లో మాత్రం మూగవాడివన్నమాట." ఇంకేమీ అడగకుండా అటు తిరిగి పడుకుంది.

తిరుగు పడవలో కీర్తన పాడలేదు.

నువ్వడిగిన మిగతా వాటికి జవాబులు రాస్తాను. కప్పు కారడం లేదు. తుఫాను తర్వాత నువ్వు పంపిన డబ్బుతో వేయించిన రేకులు బిగువుగా ఉన్నాయి, వానపడితే ఇల్లంతా మోగుతుంది. నీళ్ల తొట్టి నిండుగా ఉంది. ఏ పనికైతే నువ్వు వెళ్లావో ఆ పని అయింది. తిండి సంగతి అడిగావు. చర్చివాళ్లు వంతులేసుకుని పెడుతున్నారని పోయిన ఉత్తరంలో రాశాను. మొదట్లో పెట్టారు. తర్వాత నేనే వద్దన్నాను. పక్కింటి గిన్నెలో తిని, గిన్నె కడిగి ఇచ్చి, చీకటి ఇంట్లోకి రావడం కంటే డబ్బా చేప నిలబడి తినడమే నయమనిపించింది. ప్రసంగం తయారు చేసుకుని ఎప్పటిలాగే నువ్వు కూర్చుని వినే చాపకు ఎదురుగా నిలబడి చదువుతాను. "ఇక్కడ ఊపిరి తీసుకో, ఇక్కడ అరవకు" అనే మనిషి లేదు కాబట్టి అంతా అరుపుగానే ఉంటోంది. జనం ఆమెన్ అంటున్నారు. నాలో ఏదీ అనడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇశ్రాయేలుకు రాజుగా ఏర్పరచినప్పుడు సౌలు ఎక్కడున్నాడు? అంతా వెతుకుతుంటే ఆయన సామాను మధ్య దాక్కున్నాడు. ఇంతసేపూ నేను చేసింది అదే. చక్రాలని, పెట్టెలని, బెల్టులని ఇన్ని పేజీలు నింపింది నీ రెండో ప్రశ్న వెనకాల నక్కడానికి.

నేను ఒప్పుకున్నానని, సంతకం పెట్టుకొమ్మన్నానని మీ అక్క నీకు ఫోనులో చెప్పింది కదూ. ఆమె అబద్ధమాడలేదు. కావా వేరు రసం తాగుతూ నలుగురు మగాళ్ల మధ్య నేనన్న మాట అది. "ఉండనీ, నాకేం కొరత, నాకు ప్రభువున్నాడు," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆ మాట నా నోటిలోంచి మీ అక్క చెవికి, ఆమె నోటిలోంచి నీ చెవికి వచ్చింది. అది నా మాట కాదు కలొలైనే. నలుగురూ చూస్తున్నారని అన్నది.

అక్కడ నీకు తాళం వేసుకునే సొంత గది ఉందని, కారు నడపడం నేర్చుకుంటున్నావని, శనివారాలు ఆడవాళ్లంతా కలిసి సముద్రానికి వెళ్లి నవ్వుకుంటారని నువ్వు రాసింది చదివాను. మళ్లీ మళ్లీ చదివాను. అంత సంతోషంగా నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర ఇంకొకటి లేదు. అందుకే అడగడానికి భయం. వాక్యం చూపించి నిన్ను లాగగలను. వెనక్కి చూసిన లోతు భార్యనూ, అత్త వెంట వచ్చిన రూతునూ పట్టుకొచ్చి ఎటు కావాలంటే అటు ప్రసంగించగలను, నా సంగతి నీకు తెలుసు. ఈ ఉత్తరంలో ఆ పని చేయను. మోషే ఎత్తి పట్టుకున్న చేతులు బరువెక్కినప్పుడు ఇద్దరు మనుషులు అటూ ఇటూ నిలబడి పట్టుకున్నారు. పట్టుకొమ్మని ఆయన అడిగాడని ఎక్కడా రాసి లేదు. అడగకుండానే వచ్చారు. నాకూ అలాగే జరుగుతుందని కూర్చున్నాను.

ఉండాలనుకుంటే ఉండు. పాపమని అనను, చర్చిలో అననివ్వను. కానీ ఆ మాట మీ అక్కతో చెప్పించకు, నీ చేత్తో రాయి. అప్పుడు ఆ వీపు బ్యాగే పెద్దది కొని ఇటు వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపు. ఉయిహాలో వచ్చే నెల పెళ్లి ఉంది, ఎలాగో మోసుకుంటాను.

కానీ నువ్వడిగింది నేనేమంటానని. జవాబు చెప్పకుండా ఇలైసానె ముందు కూర్చున్నట్టు నీ ముందు కూర్చోలేను. ఆ సంతకం పెట్టకు. ఏ బ్యాగూ కొనకు. ఇంటికి రా.

ఇట్లు,
అడగడం నేర్చుకుంటున్న నీ పెనిమిటి,
ఫెలెటి